తాళంచెవులావిడ ముఖం

మా ఇంట్లో తమ్ముడి భార్య బావగారి కంట పడకూడదు. ఆమె గొంతు కూడా ఆయన చెవిన పడకూడదు. ఈ ఆచారం ఎవరు పెట్టారో నాకు తెలియదు. మా ఇంటికి కోడలిగా వచ్చిన ప్రతి ఒక్కరూ దాన్ని పాటించారు. ఎందుకని అడగడం మా ఇంట్లో అలవాటు కాదు.

మా నాయన ఇంటికి పెద్దకొడుకు. చిన్నమ్మ ఆయన తమ్ముడి భార్య. చిన్నాయన పోయి చాలా ఏళ్ళయింది. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోతే, నన్ను పెంచింది చిన్నమ్మే. నాయనకు ఏదైనా చెప్పాలంటే ఆమె నడుముకు దోపుకున్న తాళంచెవుల గుత్తి తీసి తలుపు గొళ్ళేనికి కొట్టేది. ఒక్కసారి కొడితే అన్నం సిద్ధమని. రెండుసార్లు కొడితే ఎవరో వచ్చారని. ఆగకుండా గలగలలాడించిందంటే, ముందుగదిలో జరుగుతున్న మాట తనకు నచ్చలేదని. నాయన వెంటనే మాట మార్చేవారు. చుట్టుపక్కల పల్లెల తగవులు తీర్చిన మనిషి, ఆ గలగలకు ఎదురు చెప్పగా నేను ఎన్నడూ చూడలేదు.

మాది కురుగోడు పక్కన ఒక పల్లె. ఊరికి పెద్దిల్లు మాదే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు అప్పుడూ సిగ్గు లేదు, ఇప్పుడూ లేదు. ఇనాం భూములు చట్టంతో పోయాయి. మిగిలినవి వ్యాజ్యాలతో పోయాయి. కాలువ నీళ్ళు వచ్చేసరికి ఆ చేలు మావి కావు. జొన్న, పత్తి పండిన నల్లరేగడిలో కోస్తా నుంచి వచ్చిన రైతులు వరి నాటారు. ఒకసారి బస్సులో ఆ పక్కగా పోతూ నాయన ఆ పచ్చదనాన్ని చూసి, "బాగా చేస్తాండారు సేద్యం" అన్నారు. అంతే. తిరిగి ఆ దారిన పోలేదు.

ఆఖరికి ఇంటి దూలాలు కూడా ఎవరో బండ్ల మీద వేసుకుపోయారు. మేము ముగ్గురం బళ్ళారిలో ఒక ఇంటి వెనక భాగంలో అద్దెకు దిగాం. ఆంధ్ర వేరుపడి, బళ్ళారి మైసూరు వైపు ఉండిపోయిన కొన్నేళ్ళకు సంగతి ఇది. ఉన్నవి మూడు గదులు. ముందుగదికీ లోపలిగదికీ మధ్య తలుపు కూడా లేదు. చిన్నమ్మ అక్కడ ఒక పాత జంపఖానా వేలాడదీసింది. పల్లె నుంచి తెచ్చుకున్న సామానులో పడమటింటి తలుపు గొళ్ళెం ఒకటి ఉంది. దాన్ని తెర పక్కన గోడకు మేకు కొట్టి తగిలించింది. గుత్తి కొట్టడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఆ గుత్తిలోని తాళంచెవులు తెరిచే తలుపులు లోకంలో ఎక్కడా లేవు. అయినా ఆమె రోజూ చింతపండుతో తోమి, తుడిచి, నడుముకు దోపుకునేది.

నేను ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరును. మా వంశంలో ఉద్యోగం చేసిన మొదటి మనిషిని నేనే. నాయన వద్దనలేదు, సరేననీ అనలేదు. బడి నుంచి వచ్చాక సాయంత్రాలు బొమ్మలు వేసుకునేదాన్ని. మద్రాసు నుంచి వచ్చే ఒక తెలుగు వారపత్రికను ముందు భాగంలో ఉండే ఇంటి యజమానురాలు తెప్పించేది. చదివి మాకు ఇచ్చేది. అందులో కార్టూన్లు నేను శ్రద్ధగా చూసేదాన్ని.

ఆ కార్టూన్లలో ఆడది అంటే పెళ్ళామే. పెళ్ళాం అంటే లావుగా ఉండాలి, చేతిలో అప్పడాల కర్ర ఉండాలి. ఎదురుగా మొగుడు బక్కగా, నెత్తిన బొప్పితో ఉండాలి. పెళ్ళాం కాకపోతే అత్త. అత్తకు నోరు తెరిచి ఉంటుంది, వేలు పైకెత్తి ఉంటుంది. ఇద్దరూ కాకపోతే సినిమాకు పోయే అమ్మాయి. ఆమెకు నడుము తప్ప మరేమీ ఉండదు. మగవాళ్ళు అలా గీస్తే నాకు పెద్ద ఆశ్చర్యం కలగలేదు. వాళ్ళు చూసిందో, చూడాలనుకున్నదో గీశారు. నన్ను బాధపెట్టింది వేరే. కోస్తా వైపు నుంచి ఒకామె కూడా అందులో బొమ్మలు వేసేది. ఆమె గీత చక్కనిది, నాకన్నా చేయి తిరిగినది. కానీ ఆమె బొమ్మల్లోనూ అదే అప్పడాల కర్ర, అదే లావుపాటి పెళ్ళాం. ఆమె రోజూ వంటింట్లో నిలబడే మనిషే అయ్యుండాలి. అప్పడాల కర్ర బరువెంతో, అది పట్టుకున్న చేయి సాయంత్రానికి ఎట్లా లాగుతుందో ఆమెకు తెలియకుండా ఉండదు. అది మాత్రం ఆ గీతల్లోకి రాలేదు. తన చేత్తో గీస్తూ వేరేవాళ్ళ కళ్ళతో చూసింది.

నేనైతే అలా గీయననుకున్నాను. మా ఇంటి రక్తంలో పంతం కొంచెం ఎక్కువ.

నేను గీసింది ఒక బొమ్మల వరస. నాలుగు గళ్ళు, ఒక చిన్న సంగతి. అందులో ఒక పాత ఇంటి ఆవిడ. ఎవరితోనూ నేరుగా మాట్లాడదు, తాళంచెవులు మోగిస్తుంది. ఒకసారి ఇంటికి సర్కారు మనిషి జనాభా లెక్కలు రాసుకోవడానికి వస్తాడు. "ఇంట్లో ఎవరున్నారు?" అంటాడు. తలుపు వెనక గుత్తి మోగుతుంది. "మగవాళ్ళా, ఆడవాళ్ళా?" అంటాడు. గుత్తి మళ్ళీ మోగుతుంది. ఆఖరి గడిలో అతను చెమటలు తుడుచుకుంటూ 'ఒక తాళంచెవుల గుత్తి' అని రాసుకుంటూ ఉంటాడు. ఇటువంటివే.

పంపే ముందు నాయనకు చూపించాను. దాచిపెట్టి చేయడం నా పద్ధతి కాదు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని నాలుగు గళ్ళూ చూశారు. పెదవి చివర కొంచెం కదిలింది.

"పేరు వేయద్దు," అన్నారు.

"వేయను నాయనా."

"మొహం గీయద్దు. మన ఇంటి ఆడోళ్ళ మొహం అంగట్లో పకోడీ పొట్లానికి చుట్టేదానికి కాదు."

ఆ మాట నాకు సబబుగానే తోచింది. నేను గీసిన ఆమె చిన్నమ్మ అని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె ముఖం పత్రికలో పడితే ఆ పత్రిక ఆయన చేతిలో ఉంటుంది. అంటే తమ్ముడి భార్య బావగారి కంట పడినట్టే. అందుకని తాళంచెవులావిడను ఎప్పుడూ వెనక నుంచి గీశాను. లేదా తెర కింద పాదాలు, గొళ్ళెం దగ్గర చేయి. సంతకం ఉండాల్సిన చోట చిన్న తాళంచెవి వేశాను.

పత్రికవాళ్ళు మొదట ఒప్పుకోలేదు. ముఖం లేకపోతే నవ్వు ఎలా వస్తుందని రాశారు. పాదాలతో వస్తుంది, ఒకసారి వేసి చూడండి అని రాశాను. వేశారు. పాఠకులకు నచ్చింది. ఆ తరువాత దాదాపు ప్రతి వారమూ వేశారు. చాటుగా నిలబడే ఆడవాళ్ళను పాదాలను బట్టి గుర్తుపట్టడం నేను చిన్నప్పుడే నేర్చుకున్నాను. కోపంలో బొటనవేలు నేలను నొక్కుతుంది. నవ్వు ఆపుకుంటే మడమ లేస్తుంది. ఇదంతా నా గీతల్లో ఉండేది. అప్పడాల కర్ర లేకుండా ఒక ఆడమనిషిని మర్యాదగా గీశానని నాకు గట్టి నమ్మకం.

ఒక ఇబ్బంది మాత్రం ఉండేది. ఇంటి యజమానురాలి భర్తకు సండూరు గనుల మీద తిరిగే లారీలు ఉండేవి. వాటిని మా ఇంటి ముందే నిలిపి దులిపేవాళ్ళు. ఆ మాంగనీసు దుమ్ము నల్లగా ఇల్లంతా పరుచుకునేది. తడి సిరా మీద పడి అంటుకునేది. ఎంత జాగ్రత్త పడ్డా కాగితం మీద చుక్కలు చుక్కలుగా మరకలు మిగిలేవి. బొమ్మను అచ్చుకోసం లోహపు బ్లాకు చేసేటప్పుడు అవి కూడా అచ్చులోకి వచ్చేవి. మా ఊళ్ళో గనుల దుమ్ము ఎక్కువ, బొమ్మల మీద చుక్కలేమైనా కనబడితే తెల్లరంగుతో తుడిచి బ్లాకు చేయించండి అని పత్రికకు రాశాను. అప్పటి నుంచి బొమ్మలు శుభ్రంగా వచ్చేవి.

చిన్నమ్మకు నేను ఆ బొమ్మలు చూపించలేదు. ఆమె గురించి ఆమెకే చూపించడం ఏదో ఎబ్బెట్టుగా ఉండేది. చూపించింది ఇంటి యజమానురాలు. ఒక ఆదివారం మధ్యాహ్నం పత్రిక పట్టుకుని నేరుగా మా వంటింట్లోకి వచ్చేసింది. ఆమె తెలుగులో కన్నడం కలిసి ఉండేది. నాయన ఊళ్ళో లేరు, కోర్టు వాయిదా పని మీద వెళ్ళారు.

"ఏందమ్మణ్ణీ, ఈ బొమ్మలేస్తాండేది నువ్వంట గదా! నాకు చెప్పనే లేదే నువ్వు. పోస్టాయన చెప్పె, మద్రాసుకు కవర్లు పంపిస్తాంది మీ ఇంట్లో ఆయమ్మ అని." నా జవాబు కోసం చూడకుండా చిన్నమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంది. "నోడమ్మా, చూడు ఈడ. ఈ గుత్తి నీదే గదా? ఆ చీర అంచు నీదే. భలే చెన్నాగుండాది. మా ఇంటాయన అయితే నవ్వి నవ్వి చస్తాండాడు. అయితే ఒకటి అమ్మణ్ణీ, మొహం యాడ పోయింది? అన్ని వారాలూ చూస్తాండా, ఒక్కనాడన్నా తిరుగుతాదేమో అని. ఊహూ. వీపే."

చిన్నమ్మ పత్రిక తీసుకుంది. బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు చూసినట్టు చాలాసేపు చూసింది. ఇంటి యజమానురాలు వెళ్ళిపోయిన తరువాత కూడా చూస్తూనే ఉంది. నేను వంటింటి గడప దగ్గరే నిలబడి ఉన్నాను.

"కోపం వచ్చిందా చిన్నమ్మా?"

"నాకెందుకు కోపం. బాగుండాది." పత్రిక మడిచింది. "పాపా, ఒక మాట అడుగుతా. మీ నాయిన నన్ను చూడల్యా. అది ఇంటి మర్యాద. సరే. నువ్వు చూసినావు కదా. పుట్టినప్పటి నుంచి ఈ మొహం చూస్తానే పెరిగినావు. చూసినదానివి, చూడనోళ్ళ మాదిరి ఎందుకు గీసినావు?"

నాయన చెప్పారని అన్నాను. పత్రిక ఆయన చేతికి వస్తుంది కదా అన్నాను.

"ఆయప్ప చెప్పినాడు. సరే. నీకేమనిపిచ్చె?"

మడిచిన పత్రికను ఆమె చేతిలోంచి తీసుకున్నాను.

"ఆ అప్పడాల కర్ర ఆమెకైనా ఒక మొహం ఉండాది," అంది చిన్నమ్మ. లేచి గుత్తిని నడుముకు దోపుకుంది. "నాకు అదీ లేదు."

ఆ వారం నేను బొమ్మ పంపలేదు. ఆచారం అంటే నాకు చులకన లేదు. భూమి పోయి, ఇల్లు పోయి, మిగిలింది అదొక్కటే. తెర వెనక గుత్తి మోగుతున్నంతకాలం అది ఇంకా మా ఇల్లే. తెర తీసేస్తే మేము కూడా ఊళ్ళో పదిమందిలో ఒకరం. నాయన దాన్ని ఓర్చుకోలేరని నాకు తెలుసు. నేను ఓర్చుకోగలనో లేదో నాకు తెలియదు. కానీ చిన్నమ్మ తెర తీయమనలేదు. బావగారి ముందుకు వస్తాననలేదు. నేను చూసింది గీయమని మాత్రమే అడిగింది. అది న్యాయమైన మాట. న్యాయమైన మాటను కాదనడం కూడా మా ఇంట్లో అలవాటు కాదు.

నాయన తిరిగి వచ్చాక చెప్పాను. "ఈసారి తాళంచెవులావిడకు ముఖం గీస్తాను నాయనా. మీరు కావాలంటే ఆ పేజీ చూడకండి."

ఆయన నన్ను ఒకసారి చూశారు. "ఎవరడిగినారు?"

తెర వెనక గుత్తి గలగలలాడింది. చాలాసేపు ఆగలేదు.

నాయన చేతికర్ర తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. సరేనని అనలేదు. వద్దని కూడా అనలేదు.

మరుసటి రోజు బడి సెలవు. చిన్నమ్మ వంటింటి కిటికీ వెలుతురులో కూర్చుంది. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చింది. ఆమెకు చిన్న వయసులో, కాపురానికి వచ్చిన కొత్తలో, అమ్మవారు పోసింది. ముఖమంతా మచ్చలు. చెంపల మీద దట్టంగా, నుదుటి మీద పలచగా. పై పళ్ళలో ఒకటి కొంచెం విరిగింది. నాకు అది ఎప్పుడూ వింతగా అనిపించని ముఖం. మొదటిసారి గీయడానికి చూసినప్పుడు మాత్రం కలం ఒక క్షణం ఆగింది. ఆమె గమనించింది.

"వాటిని వదలొద్దు," అంది. "అవి లేకుంటే నేను కాదు. ఇంకెవరో."

కిటికీకి పలచని తడిబట్ట అడ్డం కట్టి, దుమ్ము పడకుండా గీశాను. ఒక్కొక్క మచ్చనూ సన్నని పాళీతో పెట్టాను. నాలుగో గడిలో తాళంచెవులావిడ మొదటిసారి ఇటు తిరిగి, విరిగిన పన్ను కనబడేలా నవ్వుతుంది. చిన్నమ్మ ఆరిన బొమ్మను చేయి చాచి దూరంగా పట్టుకుని చూసింది. "ముసిల్దాన్నయినా," అని నవ్వింది. ఆ నవ్వు నేను గీసిన దానికన్నా బాగుంది.

బొమ్మ పోయింది. పత్రిక వచ్చింది. మా ఇంట్లో ముందుగా విప్పింది నేనే. నేరుగా నాలుగో గడి చూశాను.

పన్ను ఉంది. నవ్వు ఉంది. ముఖం నున్నగా ఉంది. ఒక్క మచ్చ లేదు. దుమ్ము చుక్కలనుకుని ఎవరో తెల్లరంగుతో ఓపికగా ఒక్కొక్కటీ తుడిచేశారు. నేను తుడవమని రాసిన మాట ప్రకారమే చేశారు. వాళ్ళను అనడానికేమీ లేదు. పత్రికల్లో ఉండే అందమైన ఆడవాళ్ళలో ఒకామె తాళంచెవుల గుత్తి పట్టుకుని నవ్వుతోంది.

చిన్నమ్మ చూసింది. "ఎవరీమె?" అంది. నేను దుమ్ము సంగతి చెప్పాను. "పోనీలే," అని పత్రిక నా చేతికిచ్చి, పొయ్యి దగ్గరకు పోయింది. ఆ 'పోనీలే' నాకు ఇప్పటికీ వినబడుతుంది. జీవితంలో ఒక్కసారి ఒకటి అడిగింది. అడిగినందుకు దొరికింది వేరొకరి ముఖం.

పత్రిక నాయన కుర్చీ పక్కన ఎప్పటిలాగే పెట్టాను. ఆయన ఆ పేజీ తిప్పేస్తారనుకున్నాను. తిప్పలేదు. కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరగా పట్టుకున్నారు. తెర వెనక చిన్నమ్మ ఉందని ఆయనకు తెలుసు, తెర కింద పాదాలు కనబడుతూనే ఉన్నాయి.

"ఇది తప్పు," అన్నారు నాయన.

గీసినందుకు కోపం వచ్చిందనుకున్నాను. "చెప్పే గీశాను నాయనా," అన్నాను.

"అది కాదు. మచ్చలు యాడ?"

చిన్నమ్మకు మచ్చలున్నాయని ఎవరైనా చెప్పి ఉండవచ్చు. కానీ ఆయన పత్రిక మీద వేలు పెట్టి చూపిస్తున్నారు. "ఈడ చెంప మీద గుత్తంగా ఉంటాయి. నుదుటి మీద తక్కువ. ఈ కనుబొమ్మ చివర ఒకటి పెద్దది."

అదంతా నిజం. కనుబొమ్మ చివరి మచ్చ నేను గీసిన దాంట్లో కూడా అక్కడే ఉంది.

"మీరెప్పుడు చూశారు?"

ఆయన తెర వైపు తిరగలేదు. నాతోనే మాట్లాడారు, కానీ కొంచెం గట్టిగా. "అమ్మవారు పోసినప్పుడు మీ చిన్నాయిన భయపడి అత్తగారి ఊరికి పోయె. పనోళ్ళు పోయిరి. మీ అమ్మ కడుపుతో ఉన్నింది, దగ్గరికి రానీయలేదు నేను. వేపమండ విసిరేదానికి ఒకరుండాల కదా. ఆయమ్మకు అప్పుడు ఒళ్ళు తెలీదు." ఆగారు. "మర్యాద ఉండేది మనుషులు బతికినాక."

తెర కింద పాదాలు కదలలేదు. చిన్నమ్మకు ఆ సంగతి తెలియదని ఆ పాదాలను చూసి నాకు అర్థమయింది. ఇన్నేళ్ళూ తనను చూడలేదనుకున్న మనిషి, ఎవరూ చూడడానికి సాహసించనప్పుడు చూశాడు. చూసి, చూడనట్టే బతికాడు.

"రాయి వాళ్ళకి," అన్నారు నాయన. "మన ఇంటి మనిషి మచ్చలు తుడిచేదానికి వాళ్ళెవరు? మళ్ళా గీసి పంపు."

మళ్ళీ గీశాను. ఈసారి బొమ్మ అంచున, బ్లాకు చేసేవాళ్ళకు కనబడేలా పెద్ద అక్షరాలతో రాశాను: ముఖం మీది చుక్కలు దుమ్ము కాదు. తుడవకూడదు.

రెండు వారాలకు ఆ బొమ్మతో పత్రిక వచ్చింది. ఇంటి యజమానురాలు ఎప్పటిలాగే వంటింట్లోకి తెచ్చింది. ముందుగదిలో నాయన ఉన్నారని చూసి గొంతు తగ్గించింది, కానీ ఆమె తగ్గించిన గొంతు కూడా వీధి చివరిదాకా వినబడేది.

"అయ్యో అమ్మణ్ణీ, ఈసారి అచ్చు కెట్టు పోయిందే! పోయిన తూరి ఎంత నున్నగా ఉన్నింది, సినిమా హీరోయిన్ మాదిరి. ఇప్పుడు చూడు, మొహమంతా చుక్కలే. మా లారీ దుమ్మంతా పడినట్టుంది."

చిన్నమ్మ పత్రిక చేతిలోకి తీసుకుంది. దూరంగా పట్టుకుంది, దగ్గరగా తెచ్చుకుంది. నేను ఆమె ముఖం చూస్తూ ఉన్నాను. ఆమె చేయి గుత్తి దగ్గరకు పోయింది. తీయలేదు.

"అచ్చు బాగానే ఉండాది," అంది. "మొహమే అట్లుండాది."

మామూలుగా వంటింట్లో మాట్లాడే గొంతు కాదు అది. తెర దాటి ముందుగదిలోకి పోయే గొంతు. అంతకు ముందు ఆ గొంతు తెర దాటగా నేను వినలేదు, ఆ తరువాత కూడా వినలేదు. ఆ సాయంత్రం అన్నానికి పిలిచింది గుత్తే.

చిన్నమ్మ ఆ మాట అన్నప్పుడు నాయన ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఏదో కోర్టు కాగితం చదువుకుంటున్నారు. కాసేపటికి, ఆయన తన చేతిలోని కాగితం మడిచి పక్కన పెట్టిన చప్పుడు వినబడింది.